అన్న కుట్టిన కాలర్లు

మా ఫ్యాక్టరీలో లవేనియా కంటే వేగంగా కుట్టేవాళ్ళున్నారు, ఆమె కంటే కలివిడిగా ఉండేవాళ్ళూ ఉన్నారు. కానీ పొద్దున మిషను మీద గుడ్డ తీసి మడిచి పెట్టి కూర్చుందంటే, సాయంత్రం దాకా ఆ మనిషి సంగతి నేను పట్టించుకోనక్కర్లేదు. లైను సూపర్‌వైజరుగా చేసినవాళ్ళకి అదెంత పెద్ద వరమో తెలుస్తుంది. మిగతావాళ్ళంతా నా తల తింటుంటే, ఆ తలనొప్పి దిగడానికి వెళ్ళి ఆమె మిషను పక్కన కాసేపు నిలబడేదాన్ని.

నా పేరు పైడమ్మ. మా ముత్తాతలు చెరకు నరకడానికి ఫిజీ వచ్చారు. నేను చెరకు తప్పించుకుని సువా వచ్చి చొక్కాలు కుట్టించాను. నడుంనొప్పి మాత్రం వంశపారంపర్యంగా వచ్చింది. లామి రోడ్డు మీద, మడచెట్ల బురద వాసన కొట్టే చోట మా రేకుల షెడ్డు. ఆస్ట్రేలియా బడిపిల్లలకి యూనిఫాం చొక్కాలు కుట్టేవాళ్ళం. పైన రేకుల మీద వాన, కింద మిషన్లు. ఎవరు ఎవర్ని తిట్టినా సగం వినపడేది కాదు. అందుకే అన్నేళ్ళు కలిసి ఉండగలిగామని నా నమ్మకం.

లవేనియాది కందావు దీవి. తండ్రి చేపలకి వెళ్ళేవాడు, తల్లి చాపలు అల్లేది. అక్కడి చర్చిలో ఆడవాళ్ళ సంఘానికి ఒక పాత చేతిమిషను ఉండేదట. దాని మీద ఊరందరికీ ఆదివారం బట్టలు కుట్టి కుట్టి ఆమె చెయ్యి తిరిగింది. పెళ్ళయ్యాక సువా వచ్చింది. మొగుడు తెవితా చేపల ఓడలో పనికి కుదిరి, మొదట్లో డబ్బు పంపేవాడు, తర్వాత కబుర్లు పంపేవాడు, ఆ తర్వాత ఏదీ పంపలేదు. ముగ్గురు పిల్లలు, నంబుఆ అవతల వాన వస్తే గిన్నెలు పెట్టుకోవాల్సిన ఇల్లు, ఆ ఇంటికి ఈమె జీతం ఒక్కటే ఆధారం. దాని గురించి ఆమె ఏడవగా నేను చూడలేదు. "ఓడ ఎటు పోయిందో ఆయనా అటే పోయాడక్కా" అని ఒక్కసారి అంది, అంతే.

సైరూసి మా దగ్గరికి వచ్చింది ఆమె వల్లే. రేవులో మూటలు మోసి మోసి నడుం పోగొట్టుకున్నాడు. "మా పెద్దమ్మ కొడుకు. నాకు అన్న. కూర్చుని చేసే పనేదైనా ఉంటే చూడక్కా" అని అడిగింది. ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. మనిషిని చూసి నేను పెదవి విరిచాను. అరటిపళ్ళలాంటి వేళ్ళు, ఆ వేళ్ళతో కాలరు మొనలు తిప్పుతాడా అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి ఆ పనిలో మా షెడ్డులో అతన్ని మించినవాడు లేడు.

పెద్దమ్మ కొడుకంటే మా ఇళ్ళల్లోనూ అన్నే. కాకపోతే మేం అన్నతో పోట్లాడతాం, పండక్కి చీర పెట్టలేదని నెల రోజులు అలుగుతాం. కందావు వాళ్ళ పద్ధతి వేరు. ఈడొచ్చాక అన్నాచెల్లెళ్ళు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడరు. ఎదురుపడితే తల వంచుకుని పక్కకి తప్పుకుంటారు. ఒకరి వస్తువు ఇంకొకరు ముట్టరు. చెల్లెలంటే అంత గౌరవం వాళ్ళకి. పట్నం వచ్చాక చాలామంది ఈ పట్టింపులు వదిలేశారు, వీళ్ళిద్దరూ వదల్లేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే మధ్యలో మూడో మనిషి ఉండాలి.

ఆ మూడో మనిషి ఉనైసి. ఇద్దరికీ మేనమామ కూతురు. అంటే సైరూసికి మరదలు, లవేనియాకి వదిన. బావామరదళ్ళ మధ్య వాళ్ళకి అడ్డూ ఆపూ లేదు. మరదలు ఎంత మాటన్నా బావ నవ్వాల్సిందే, మొహం మాడ్చుకుంటే తప్పు అతనిదవుతుంది. ఉనైసి పని దారాలు కత్తిరించి, కాలర్లు కట్టలు కట్టి, సైరూసి దగ్గర్నుంచి లవేనియా దగ్గరికి మోయడం. కాలరులో తేడా కనిపిస్తే లవేనియా దాన్ని తీసి కట్ట పైన పెట్టేది, ఏమీ అనేది కాదు. ఉనైసి దాన్ని జెండాలాగా ఊపుకుంటూ వెళ్ళేది.

"ఏం బావా, ఇది పిల్లాడి మెడకా, ఎద్దు మెడకా?"

"నీ మెడ చూసుకుంటూ కుట్టానే, అదే కొలత."

"నా మెడ మీద ధ్యాస తర్వాత, ముందు ఈ మొన మీద పెట్టు. ఇది కిందకి వేలాడుతోంది, మీ ఆవిడ మూతిలాగా."

లైనంతా నవ్వేది. సైరూసి నవ్వుతూనే విప్పి కుట్టేవాడు. లవేనియా తల ఎత్తేది కాదు గానీ భుజాలు కదిలేవి.

అలా నడుస్తుండగా విజెకూన్ వచ్చాడు. శ్రీలంక మనిషి, అక్కడ పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో చేసి వచ్చాడు. మా చొక్కాలు కొనే మెల్‌బోర్న్ వాళ్ళు ఇంకా ఎక్కువ కావాలన్నారు, మనుషుల్ని పెంచడం కుదరదన్నారు. ఆ రెండు మాటల్నీ కలిపి కుట్టడం అతని ఉద్యోగం. మెడలో తాడుకి వేలాడే గడియారం, చేతిలో టీ ఫ్లాస్కు, కళ్ళ కింద నలుపు. అతన్ని తిట్టుకున్నవాళ్ళే ఎక్కువ, నేను తిట్టుకోలేను. "చేతులు తొందరగా కదలక్కర్లేదమ్మా, గుడ్డ ఆగకుండా కదిలితే చాలు" అనేవాడు. నిజమే. మా దగ్గర ఒక కాలరు కుట్టడానికి పట్టేది క్షణాలు, బుట్టల్లో పడి ఉండేది రోజులు. ఆ బుట్టలన్నీ తీయించేశాడు. మిషన్లని లాడం ఆకారంలో వేయించాడు. ఒకరు కుట్టింది పక్కవాళ్ళ చేతికి వెంటనే అందాలి, ఒక్కొక్కటిగా. తేడా కనిపిస్తే ముందుకు పంపొద్దు, ఇచ్చినవాళ్ళకే తిరిగి ఇచ్చి ఏం తేడానో అక్కడికక్కడే చెప్పాలి. దారం తెంపడానికి మిషనుకే చిన్న కత్తి బిగించాడు. దాంతో ఉనైసికి పని లేకపోయింది, ఆమెని ప్యాకింగుకి పంపారు.

సైరూసినీ లవేనియానీ పక్కపక్కన వేస్తున్నాడని తెలిసి వెళ్ళి చెప్పాను.

"సార్, వాళ్ళిద్దర్నీ అలా కలపకండి."

"ఏం, గొడవలున్నాయా?"

"లేవు సార్. మర్యాద ఉంది."

"మర్యాద ఉంటే ఇంకేం కావాలి పైడమ్మగారూ? నేను పనిచేసిన చోటల్లా అదే కరువు."

విషయం వివరంగా చెప్పాను. కొట్టిపారేయలేదు, ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని ఆలోచించాడు. కాలరు పట్టీ కుట్టేది అతను, దాన్ని చొక్కాకి ఎక్కించేది ఆమె. ఆ రెండు పనులకీ వాళ్ళిద్దర్ని మించినవాళ్ళు లేరు. పక్కపక్కన ఉండాల్సిన పనులు అవి. "మాట్లాడకపోతే పోనీండి, చేతికి చెయ్యి తగలకుండా చూస్తాను" అని, వాళ్ళ మధ్య ఏటవాలుగా ఒక చెక్క పలక కొట్టించాడు. సైరూసి స్టూలు తిప్పుకుని చెల్లెలికి వీపు పెట్టి కూర్చున్నాడు. కుట్టిన కాలరు వెనక్కి చూడకుండా పలక మీద వదిలితే, జారి ఆమె ముందు పడేది. అందరికీ బాగానే ఉందనిపించింది. నాక్కూడా.

మిగతా లైనుకి ఆ పద్ధతి బాగా కలిసొచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి. కట్టల కోసం వెతుకులాట పోయింది, సాయంత్రానికి నా కాళ్ళ వాపు కూడా తగ్గింది. కానీ కొన్ని వారాలు గడిచేసరికి గుడ్డ ఒక్కచోట ఆగడం మొదలైంది. లవేనియా దగ్గర. ఆమె పలక మీద కాలర్లు పేరుకునేవి, ఆమె తర్వాత వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చునేవాళ్ళు.

"లవేనియా, నిద్రొస్తే చాప తెచ్చి వేస్తాం" అని ఒకామె.

"ఉండవే, ఆమె అల్లి తెచ్చేలోపు మనకి పింఛన్లు వస్తాయి" అని ఇంకొకామె.

లవేనియా బల్ల మీదకి ఇంకాస్త వంగేది. విజెకూన్ ఆమె వెనక నిలబడి గడియారం నొక్కి చూసుకుని నిట్టూర్చేవాడు. "లైను వేగమంటే ఏమిటో తెలుసా పైడమ్మగారూ, అందరిలోకీ నిదానంగా ఉన్న మనిషి వేగం. మిగతావాళ్ళు ఎంత చురుగ్గా ఉన్నా ఆ ఒక్క ఇరుకులోంచే రావాలి." అతను కోప్పడి ఉంటే ఎదురు చెప్పేదాన్ని. అలసిపోయి చెప్పాడు.

లవేనియాలో నాకు మార్పు కనిపిస్తూనే ఉంది. అందరికంటే ముందు వచ్చేది. భోజనాల వేళ డబ్బాలో కర్రపెండలం ముక్కలు అలాగే ఉండేవి, ఆమె మిషను దగ్గరే ఉండేది. చర్చి పాటల సాధనకి వెళ్ళడం మానేసింది. ఒంట్లో బాగాలేదా అంటే బాగుందనేది. ఇంట్లో ఏమైనా అంటే ఏమీ లేదనేది. మనసులో మాట బయటికి రాని మనిషితో నాకు చచ్చే విసుగు. ఉనైసిలాంటి నోరు ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాను, ఆ కోరిక ఎక్కడికి పోతుందో తెలియక.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే మెల్‌బోర్న్ నుంచి ఇంకో కబురు వచ్చింది. చొక్కాకి ఇచ్చే ధర తగ్గిస్తున్నారు. ఈ ఆర్డరు ఓడెక్కగానే లైనుకి ఒకరు చొప్పున తగ్గిపోవాలి. ఎవరన్నది విజెకూన్ నన్ను అడగలేదు. అడగాల్సిన పని లేదు, పని ఎక్కడ ఆగుతోందో లైనంతటికీ తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె వెనక వెళ్ళి నిలబడ్డాను. మిషను ఆగి ఉంది. బల్ల కింద, ఒళ్ళో కాలరు పెట్టుకుని కుట్లు విప్పే ముల్లుతో ఒక్కొక్క కుట్టూ తెంపుతోంది. ఆమె నడుముకి చుట్టుకున్న సులు గుడ్డ నిండా తెల్లదారం ముక్కలు. విప్పిన పట్టీని సరిచేసి, మళ్ళీ కుట్టి, అప్పుడు చొక్కాకి ఎక్కించింది. పలక మీంచి తర్వాతి కాలరు తీసి వెలుగులో పెట్టి చూసి, దాన్నీ ఒళ్ళోకి దించింది. రెండు మొనల్లో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అది సైరూసి చేతి పనేనా అని నాకు నమ్మబుద్ధి కాలేదు.

సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగాను. వాన జోరుగా ఉంది, ఇద్దరం ఒకే గొడుగు కింద ఇరుక్కున్నాం.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?"

"ఏది?"

"నాతో నాటకాలాడకు. ఎన్నాళ్ళ నుంచి విప్పుతున్నావు?"

"పలక పెట్టిన కొన్నాళ్ళకి మొదలైందక్కా. మొదట్లో ఒకటీ అరా వచ్చేవి."

"ఇప్పుడు?"

"ఇప్పుడు సగం దాకా."

"తిప్పి పంపొచ్చు కదా. సారు చెప్పిందే అది."

"నేనెలా పంపను? పలక ఆయన వైపు నుంచి నా వైపుకే జారుతుంది."

"నేను చెప్తాను పద."

ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దు. నువ్వు చెప్పినా నేను చెప్పినట్టే అవుతుంది. చెల్లెలు అన్న మీద చాడీ చెప్పినట్టు. ఆయన చూపు తగ్గిపోయిందక్కా, చక్కెర జబ్బు. బస్సు మీద రాసింది కూడా పక్కవాళ్ళని అడుగుతున్నాడు. సారుకి తెలిస్తే ఆయన్ని తీసేస్తారు. వాళ్ళింట్లో ఆరుగురు."

"చెప్పకపోతే నిన్ను తీసేస్తారు. తెలుసా?"

"తెలుసు" అంది. "అందుకే పొద్దున్నే వస్తున్నాను కదా."

పెందలాడే వస్తే గండం గడుస్తుందని ఆమె ఆశ. నాకు ఆమె మీద కోపం వచ్చింది, సైరూసి మీద వచ్చింది, వాళ్ళ పద్ధతుల మీద వచ్చింది, ముఖం తెలియని మెల్‌బోర్న్ వాళ్ళ మీద వచ్చింది. బస్సు కూడా ఆలస్యంగా వచ్చింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇద్దరూ నా మనుషులే, ఇద్దరూ నేను కూర్చోబెట్టినవాళ్ళే, ఉన్నది మాత్రం ఒక్క కుర్చీ.

మర్నాడు విజెకూన్ గదికి వెళ్ళి ఉనైసిని వెనక్కి ఇమ్మని అడిగాను. అన్నీ చెప్పలేదు. కాలర్లలో తేడాలు వస్తున్నాయనీ, అన్నాచెల్లెళ్ళ మధ్య ఆ మాట అటూ ఇటూ మోసే మనిషి కావాలనీ, అప్పుడు లవేనియా దగ్గర పని ఆగదనీ చెప్పాను. కళ్ళ సంగతి దాచాను.

"మరి నేను తీసేసింది దారాలు కత్తిరించే మనిషిని అనుకున్నానే" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. తర్వాత నా వంక చూశాడు. "ఆమె పని ఏమని చూపించమంటారు పైకి? మాటలు మోయడం అనా?"

"దారాలు కత్తిరించడమనే చూపించండి సార్. ఇన్నాళ్ళూ అదే కదా."

నవ్వాడు. అలసిన మనిషి నవ్వు, సగంలో ఆగిపోయింది. "ఒక వారం చూద్దాం. ఈలోపు లైను అందుకుంటే లవేనియా పేరు నేను పంపను. అందుకోకపోతే మీరు నన్ను మళ్ళీ అడగకూడదు."

ఉనైసి వస్తూనే పలక పక్కన తుండుగుడ్డ వేసుకుని కూర్చుంది. "ఏం బావా, నేను లేక చిక్కిపోయావా? లేదులే, ఇంకా స్టూలు మూలుగుతూనే ఉంది" అంది. షెడ్డులో మళ్ళీ నవ్వులు. తేడా వచ్చిన కాలరుని లవేనియా తన బల్ల అంచున పెట్టేది, ఉనైసి తీసుకెళ్ళి సైరూసి ముందు పడేసేది. "ఒక చెవి కుక్కది, ఒక చెవి మేకది. ఏ జంతువుకి కుట్టావో చెప్పు, కొనేవాళ్ళకి చెప్పాలి." సైరూసి కాలరుని ముక్కు దాకా తెచ్చుకుని చూసుకునేవాడు, నవ్వేవాడు, విప్పేవాడు. ఉనైసికి వేలితో చూపించాల్సి వచ్చేది. అయినా లవేనియా చేతులు ఖాళీ అయ్యాయి. గుడ్డ కదిలింది. ఆ వారం సగంలోనే లైను ముందెప్పుడూ లేనంత అందుకుంది. విజెకూన్ నా దగ్గరికొచ్చి, ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాడు.

నేను తప్పు అంచనా వేసింది ఒక్కటే, ఉనైసికి అన్నీ అనే హక్కు ఉంది గనక ఏది అనకూడదో కూడా తెలిసి ఉంటుందనుకున్నాను. మరదలి నోటికి వాళ్ళలో ఎవరూ ఎప్పుడూ హద్దు నేర్పలేదు. నేర్పాల్సిన అవసరం రాలేదు, బావ నవ్వితే సరిపోయేది. లవేనియా విప్పడం సంగతి ఆమెకి ప్యాకింగు వాళ్ళెవరో చెప్పారట. గురువారం పొద్దున ఒక కాలరు పట్టుకుని, అలవాటుగానే, లైనంతా వినేలా అంది.

"ఇది కూడా నేనే చెప్పాలా బావా? ఇన్నాళ్ళూ నీ చెల్లెలు బల్ల కింద కూర్చుని నీ కుట్లన్నీ విప్పి కుట్టింది. నీకు జీతం, ఆమెకి చాకిరీ. ఆమె ఉద్యోగం ఊడబోయింది కూడా, తెలుసా?"

ఒక్కొక్క మిషనే ఆగింది. ఉనైసి ఇంకా నవ్వుతూనే ఉంది, మిగతావాళ్ళు నవ్వడం లేదని ఆమెకి తెలియడానికి కొంత సేపు పట్టింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని మా నాయనమ్మ అనేది. సైరూసి మరదలి మాటకి నవ్వాలి గనక నవ్వాడు. అలాంటి నవ్వు నేను ఇంకెప్పుడూ వినకూడదు. లవేనియా రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. తర్వాత అతను స్టూలు సర్దుకుని సాయంత్రం దాకా కుట్టాడు, ఒక్కొక్క కాలరూ ముక్కుకి ఆనించుకుని, ఎంతో నెమ్మదిగా. వాటిలో ఒక్కదాంట్లోనూ తేడా లేదు. లైను ఆ రోజు వెనకబడింది, విజెకూన్ గడియారం నొక్కలేదు.

శుక్రవారం సైరూసి పనిబట్టల్లో రాలేదు. చర్చికి వేసుకునే తెల్లచొక్కా, నల్ల సులు, చంకలో యంగోనా వేళ్ళ కట్ట, వాళ్ళు దంచి నీళ్ళలో కలుపుకు తాగే మొక్కది. షెడ్డు చివర నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని కట్ట ముందు పెట్టుకున్నాడు. వాళ్ళలో తప్పు ఒప్పుకోవడానికి అలా వస్తారు. వాళ్ళ ఊరివాళ్ళంతా మిషన్లు వదిలి వచ్చి కూర్చున్నారు. ఉనైసి అతనికి ఎదురుగా, ఆమె వెనక లవేనియా తల వంచుకుని. విజెకూన్ తన గది గుమ్మంలో నిలబడ్డాడు, పని ఆగిందేమని అడగలేదు.

"ఉనైసీ, ఇది చిన్న కట్ట" అన్నాడు సైరూసి, నేల చూస్తూ. "నా చెల్లెలి చేతులు నా వల్ల అలిసిపోయాయి. నేను చూసుకోలేదు. ఆమె మనసులో బరువుంటే దించుకోమని చెప్పు. నా పిల్లలకి ఆమె దీవెన కావాలని చెప్పు."

ఉనైసికి ఆ రోజు ఒక్క వెటకారమూ రాలేదు. కట్ట అందుకుని, అదే మాట వెనక్కి తిరిగి చెప్పింది, మూడడుగుల దూరంలో ఉన్న మనిషికి ఏదో దీవికి కబురు పంపినట్టు. లవేనియా కట్టని ముట్టుకుని, అరచేతులు గుంటగా పట్టి చప్పట్లు చరిచింది. అంటే ఒప్పుకున్నట్టు. కాదనడానికి వీల్లేదు, కాదంటే అన్నని ఇంకా కిందకి తోసినట్టు.

ఆ తర్వాతే అతను నా దగ్గరికి వచ్చాడు. రేపటి పడవకి కందావు వెళ్ళిపోతున్నానన్నాడు.

"కంటి డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను" అన్నాను. "లోడింగులో చూస్తాను, ప్యాకింగులో చూస్తాను. ఎక్కడో ఒకచోట..."

"పైడమ్మా, చెల్లెలు నా పని చేసిపెట్టిన చోట నేనెలా తిరగను?" అన్నాడు. "లైనుకి ఒకరు పోవాలన్నారు కదా. పోయారని మీ సారుకి చెప్పు."

విజెకూన్‌కి చెప్పాను. విని, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. మెల్‌బోర్న్‌కి ఒక పేరు పంపాలి, పంపాడు. వాళ్ళకి ఏ పేరైనా ఒకటే.

ఆర్డరు టైముకి ఓడెక్కింది. సైరూసి స్టూలు మీదకి పక్క లైను నుంచి ఒకావిడ వచ్చింది, కళ్ళూ చేతులూ చురుకైన మనిషి. లవేనియాతో ఆమెకి ఏ వరసా లేదు, పలకతో పని లేకుండా చేతికే ఇచ్చేది, మాట్లాడేది కూడా. మోయాల్సిన మాటలు లేవు గనక ఉనైసి ప్యాకింగుకి తిరిగి వెళ్ళింది. అక్కడ పెద్దగా నవ్వులు వినపడటం లేదని అన్నారు. మా లైను అన్ని లైన్లనీ దాటింది. లవేనియా దగ్గర ఇప్పుడు ఏదీ ఆగేది కాదు, ఆమే అప్పుడప్పుడూ ఖాళీగా కూర్చుని తర్వాతి కాలరు కోసం ఎదురుచూసేది. పిల్లల ఫీజుల బెంగ లేదు, ఉద్యోగం గట్టిపడింది. పొద్దున్నే పరిగెత్తుకు రావడం లేదు.

ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని రొట్టె, బంగాళదుంప కూర విప్పాను. ఆమె తన కర్రపెండలం ముక్క నాకు పెట్టింది. చాలా రోజులకి ఆమె తినడం చూశాను.

"ఇప్పటికైనా నీకు కాస్త ఊపిరాడుతోంది. ఎన్ని నెలలు ఆ ముల్లు పట్టుకుని కళ్ళు పోగొట్టుకున్నావే తల్లీ" అన్నాను.

"అవునక్కా, చాలా అలిసిపోయాను" అంది. నమిలి మింగి, చేతులు తుడుచుకుంది.

"చిన్నప్పుడు ఒకే చాప మీద పడుకునేవాళ్ళం. ఈడొచ్చాక ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఆ కాలర్లు విప్పుతుంటే తెలిసేది. ఇక్కడ నడుం పట్టేసి ఆగాడు, ఇక్కడ కనపడక తడుముకున్నాడు, ఇక్కడ ఎవరిమీదో విసుక్కున్నాడు అని. రోజంతా ఆయన పక్కన కూర్చుని నాతో చెప్తున్నట్టే ఉండేది."

బెల్లు కొట్టారు. ఆమె డబ్బా మూత పెట్టి లేచింది.

"ఇప్పుడొచ్చే కాలర్లలో ఏ తప్పూ ఉండదు" అంది. "అలా ఎక్కించి పంపించేస్తున్నాను."